రాత్రివేళ ఒంటరి నడక: దేశదేశాల్లో భద్రతాభావం

తానుండే ఊళ్లో, పేటలో చీకటి పడ్డాక తోడు లేకుండా నడిచి వెళ్లగలనన్న నిశ్చింతను సామాజిక శాస్త్రవేత్తలు భద్రతాభావం కింద లెక్కిస్తారు. పోలీసు స్టేషన్లలో నమోదయ్యే నేరాల లెక్క వేరు, ఇది వేరు. దీన్ని జనాన్ని నేరుగా అడిగి తెలుసుకుంటారు. ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలు 2015లో ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాల పురోగతిని కొలిచే సూచికల్లో 16.1.4 సంఖ్య గలది ఇదే. చదువు, ఆరోగ్యం, తాగునీరు వంటి వాటి సరసన రాత్రి నడకకు చోటు దొరకడం చిన్న విషయం కాదు. పొద్దుగూకాక గడప దాటలేని మనిషికి సాయంకాలపు కాలేజీ, రాత్రి డ్యూటీ, ఆఖరి బస్సు, ఇరవై నాలుగు గంటల మందుల షాపు ఉన్నా లేనట్టే.

ప్రపంచమంతటా దీన్ని ఏటా కొలిచే పెద్ద సర్వే అమెరికాకు చెందిన గాలప్ సంస్థది. 140కి పైగా దేశాల్లో, దేశానికి సుమారు వెయ్యి మంది చొప్పున, 15 ఏళ్లు నిండినవారిని అడుగుతారు: మీరుండే నగరంలో లేదా ప్రాంతంలో రాత్రిపూట ఒంటరిగా నడవడం మీకు క్షేమంగా అనిపిస్తుందా? 2024లో నూటికి 73 మంది అవునన్నారు. ఈ సర్వే మొదలైనప్పటి నుంచి ఇంతమంది ఎన్నడూ అలా అనలేదు. అయితే పురుషుల్లో అలా అన్నవారు నూటికి 78 మంది, స్త్రీలలో 67 మంది. 2011లో ఇదే ప్రశ్న అడిగినప్పుడు పురుషుల్లో 72, స్త్రీలలో 62. పదమూడేళ్లలో ఇద్దరికీ ధైర్యం పెరిగింది, ఇద్దరి మధ్య ఎడం మాత్రం తగ్గలేదు. దేశాల ర్యాంకుల కన్నా ఈ ఎడాన్నే ముందు చూడాలి.

చట్టం అనుమానించిన నడక

రాత్రిపూట నడిచే మనిషిని చాలాకాలం చట్టమే నేరస్థుణ్ణి చూసినట్టు చూసింది. ఇంగ్లండులో 1285 నాటి వించెస్టర్ శాసనం, పొద్దుపోయాక తిరిగే కొత్తవాళ్లను తెల్లవారేదాకా పట్టి ఉంచే అధికారం కావలివాళ్లకు ఇచ్చింది. పారిస్‌లో 1667లో వీధి లాంతర్లు వెలిగించే పనిని అప్పగించింది కొత్తగా ఏర్పడిన పోలీసు అధికారికే. లండన్‌లోని పాల్‌మాల్ వీధిలో 1807లో గ్యాస్ దీపాలు వెలిగాయి. మన ఊళ్లలో తలారి గస్తీ తిరిగేవాడు. పట్టణాల్లో 'పారా హుషార్' కేక విని జనం పక్కకు ఒత్తిగిలి పడుకునేవారు.

రాత్రి అందరికీ ఒకటే కాదనడానికి 20వ శతాబ్దం చరిత్రే సాక్ష్యం. అమెరికాలో పొద్దుగూకేలోగా నల్లవారు ఊరి పొలిమేర దాటి పోవాలని బోర్డులు పెట్టిన పట్టణాలు ఎన్నో ఉండేవి. దక్షిణాఫ్రికా నగరాల్లో నల్లవారికి రాత్రి కర్ఫ్యూలు ఉండేవి. అనుమతి చీటీ లేకుండా వీధిలో కనిపిస్తే అరెస్టే.

ఇప్పుడు సర్వేల్లో అడుగుతున్న ప్రశ్న పుట్టింది కూడా అమెరికాలోనే. మీ ఇంటికి మైలు దూరంలోపు రాత్రిపూట ఒంటరిగా నడవడానికి భయపడే చోటు ఏదైనా ఉందా అని గాలప్ 1965లో అడగడం మొదలుపెట్టింది. నేరాలపై అధ్యక్షుడు లిండన్ జాన్సన్ నియమించిన కమిషన్ 1967లో నివేదిక ఇచ్చేనాటికి, నేరమే కాక నేరభయం కూడా ప్రభుత్వం పట్టించుకోవలసిన సమస్య అయింది. బ్రిటన్‌లో 1982లో నేరాల సర్వే మొదలైంది. 1989 నుంచి అనేక దేశాలను కలిపి బాధితుల సర్వేలు జరిగాయి. అవన్నీ ఇదే ప్రశ్నను కొద్ది మార్పులతో వాడుకున్నాయి.

ఈ ప్రశ్నకు లోపాలున్నాయి. దీనిలో నేరం ఊసే లేదు. కుక్కకు భయపడినా, మ్యాన్‌హోల్‌కు భయపడినా జవాబు ఒకటే. 'ఒంటరిగా', 'రాత్రి' అన్న మాటలే మనసులో బెరుకు పుట్టిస్తాయి. బ్రిటిష్ నేరశాస్త్రవేత్త స్టీఫెన్ ఫారల్, ఆయన సహచరులు ప్రశ్నను మార్చి, గడిచిన ఏడాదిలో నిజంగా ఎన్నిసార్లు భయపడ్డారని అడిగితే, భయపడిన సందర్భాలు పాత సర్వేలు చెప్పినదానికన్నా చాలా తక్కువగా తేలాయి. అంతకన్నా పెద్ద లోపం మరొకటి ఉంది. చీకటి పడ్డాక అసలు బయటికే వెళ్లని మనిషి 'నాకు భయం లేదు' అంటే ఆ జవాబు దేనికి కొలత?

అంకెలు చెప్పేవి, దాచేవి

2024 లెక్కల్లో సింగపూర్‌ది మొదటి స్థానం. అక్కడ నూటికి 98 మంది నిర్భయంగా నడవగలమన్నారు. తజికిస్తాన్, చైనా, ఒమన్, సౌదీ అరేబియా, నార్వే కూడా 90 దాటాయి. ఈ వరుసలో ఒక్క తీరు దేశాలు లేవు. నార్వేలో నేరాలు తక్కువ, సంక్షేమం ఎక్కువ, పోలీసుల మీద నమ్మకం ఉంది. తజికిస్తాన్‌లో దశాబ్దాలుగా ఒకే అధ్యక్షుడు. అక్కడ ముక్కూమొహం తెలియని సర్వే మనిషి వచ్చి శాంతిభద్రతల మీద అభిప్రాయం అడిగితే, మనసులో మాట చెప్పడానికి ఎవరైనా జంకుతారు. కాబట్టి ఈ రెండు దేశాల 90ని ఒకే తూనికలో వేయకూడదు.

సింగపూర్ సంగతి కొంచెం వివరంగా చూడాలి. అక్కడ నూటికి 75 మందికి పైగా ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కట్టిన ఫ్లాట్లలో ఉంటారు. ఆ భవనాల కింది అంతస్తును గోడలు లేకుండా ఖాళీగా వదిలేస్తారు. రాత్రి పదకొండింటికి అక్కడ ముసలివాళ్లు చదరంగం ఆడుకుంటుంటారు. మెట్రో స్టేషన్ నుంచి ఇంటిదాకా పైకప్పున్న నడకదారి, దారి పొడుగునా దీపాలు, పొద్దుపోయేదాకా తెరిచి ఉండే 'హాకర్ సెంటర్లు' అనే తిండి అంగళ్లు. వీటికి తోడు వేల సంఖ్యలో పోలీసు కెమెరాలు, బెత్తం దెబ్బల దాకా వెళ్లే శిక్షలు. బయటివాళ్లు ఈ చివరి రెండిటి గురించే ఎక్కువ మాట్లాడతారు. నా అంచనాలో ఆ నడకదారికీ, ఆ చదరంగం బల్లకూ కూడా అంతే వాటా ఉంది.

గల్ఫ్ దేశాల అంకెలు తెలుగువారు జాగ్రత్తగా చదవాల్సినవి. కువైట్, ఒమన్, సౌదీ వీధుల్లో రాత్రి నడక నిజంగానే క్షేమమని అక్కడ పనిచేసి వచ్చిన కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల వారు చెబుతారు. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వెళ్లిన వేలమంది ఆడవాళ్ల పరిస్థితి వేరు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటుంది. సెలవు రోజున కూడా గేటు దాటే వీలు చాలామందికి ఉండదు. వాళ్లకు ముప్పు ఉంటే అది నాలుగు గోడల మధ్యే. వీధి ఎంత క్షేమమైనా వాళ్లకు ఒరిగేది లేదు. పైగా గాలప్ కొన్నేళ్లపాటు గల్ఫ్ దేశాల్లో పౌరులనూ అరబ్ వలసదారులనూ మాత్రమే అడిగింది. అక్కడి జనాభాలో పెద్ద భాగమైన దక్షిణాసియా కూలీల జవాబు ఆ లెక్కల్లోకి రాలేదు.

జాబితా అడుగున దక్షిణాఫ్రికా ఉంది. 2024లో అక్కడ నూటికి 33 మందే నిర్భయంగా ఉన్నామన్నారు. ఏటా 25 వేలకు పైగా హత్యలు జరిగే దేశంలో ఆ జవాబు వింత కాదు. డబ్బున్నవాళ్లు విద్యుత్ తీగల కంచెల వెనక, ప్రైవేటు గార్డుల కాపలాలో ఉంటారు. అక్కడ ప్రైవేటు సెక్యూరిటీ సిబ్బంది సంఖ్య పోలీసుల కన్నా రెండింతలకు మించే ఉంది. నడవాల్సి వచ్చేది కారు లేనివాళ్లకే.

భయం ఎంత వేగంగా ముదురుతుందో ఈక్వడార్ చూపింది. 2017 ప్రాంతంలో లక్ష జనాభాకు ఆరు కన్నా తక్కువగా ఉన్న హత్యల రేటు 2023 నాటికి 40 దాటింది. కొకైన్ ముఠాలు గ్వాయాకిల్ ఓడరేవు కోసం కొట్టుకోవడమే కారణం. ఆ రేవున్న గ్వాయాస్ ప్రాంతంలో 2023లో నూటికి 11 మందే రాత్రి నడక క్షేమమన్నారు. చిలీ మరో రకం. ఇరుగుపొరుగు దేశాలతో పోలిస్తే అక్కడ హత్యలు తక్కువే అయినా భద్రతాభావంలో జాబితా అడుగుభాగంలోనే ఉంటోంది. నేరం ఉన్న స్థాయి కన్నా అది పెరుగుతున్న తీరే జనాన్ని ఎక్కువగా కలవరపెడుతుందని అనుకోవడానికి ఈ ఉదాహరణ పనికొస్తుంది.

ఎల్ సాల్వడార్ దీనికి తిరగబడ్డ కథ. 2015లో లక్షకు వంద దాటిన హత్యల రేటుతో ప్రపంచంలోనే అత్యంత ప్రమాదకరమైన దేశాల్లో ఒకటది. 2022 మార్చిలో అధ్యక్షుడు నయీబ్ బుకేలే అత్యవసర పరిస్థితి విధించారు. 80 వేలకు పైగా జనాన్ని జైళ్లలో పెట్టారు. 2024లో నూటికి 88 మంది రాత్రి నడక క్షేమమన్నారు. ముఠాలకు మామూళ్లు కట్టలేక నలిగిపోయిన చిన్న దుకాణదారు ఇప్పుడు రాత్రి తొమ్మిదికి షట్టరు దించి నింపాదిగా నడిచి వెళ్తున్నాడంటే దాన్ని చులకన చేయడానికి మనకు హక్కు లేదు. అయితే విచారణ లేకుండా జైల్లో మగ్గుతున్న అమాయకులనూ, కస్టడీ మరణాలనూ మానవ హక్కుల సంస్థలు నమోదు చేస్తూనే ఉన్నాయి. కొడుకును అర్ధరాత్రి పోలీసులు పట్టుకుపోయిన తల్లికి వీధి క్షేమమైతే ఏం, కాకుంటే ఏం?

స్త్రీ పురుషుల మధ్య ఎడం

ఈ ఎడం పేద దేశాల సమస్య అనుకుంటే పొరపాటు. 2011 సర్వేలో న్యూజిలాండ్‌లో పురుషుల్లో 85 శాతం, స్త్రీలలో 50 శాతం నిర్భయంగా ఉన్నామన్నారు. ప్రపంచంలోకెల్లా పెద్ద ఎడాల్లో అదొకటి. అమెరికాలో 89, 62. 2024లో అమెరికా అంకెలు 84, 58. హత్యల రేటు ఐరోపాలోనే అతి తక్కువగా ఉన్న దేశాల్లో ఒకటైన ఇటలీలో కూడా ఈ ఎడం చాలా పెద్దది.

నేరశాస్త్రంలో దీనిమీద పెద్ద చర్చే జరిగింది. వీధిలో కత్తిపోట్లకూ కొట్లాటలకూ ఎక్కువగా బలయ్యేది కుర్రాళ్లు. భయపడేదేమో స్త్రీలు, వృద్ధులు. తొలి పరిశోధకులు దీన్ని వైరుధ్యం అన్నారు, కొందరు స్త్రీల భయం అసమంజసమనే దాకా వెళ్లారు. 1980, 90 దశకాల్లో మార్క్ వార్, కెనెత్ ఫెరారో వంటివారు ఈ వాదాన్ని తిరగరాశారు. స్త్రీ మనసులో ప్రతి చిన్న ముప్పు వెనకా అత్యాచారపు నీడ ఉంటుంది, గొలుసు లాక్కోవడానికి వచ్చినవాడు అంతటితో ఆగుతాడన్న భరోసా లేదు అన్నది వారి సారాంశం. దీనికి మరో మాట చేర్చాలి. వెంటపడటం, ఈల వేయడం, బండి స్లో చేసి పక్కనే రావడం చాలావరకు స్టేషన్లో కేసుల దాకా వెళ్లవు. అయినా వాటిని లెక్కలోకి తీసుకుంటే స్త్రీల భయం అక్షరాలా అనుభవం మీద నిలిచింది.

ఆ భయం ఒక స్త్రీ చేత ఎంత పని చేయిస్తుందో దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది. బస్సు దిగే ముందే తాళం చెవి వేళ్ల మధ్యకు వస్తుంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, అవతల ఎవరూ లేకపోయినా 'ఆఁ నాన్నా, వచ్చేశా, సందు మొదట్లో ఉన్నా' అంటుంది. పాట వినే ఇయర్‌ఫోన్ తీసేస్తుంది. వెనక అడుగుల చప్పుడు వినిపిస్తే రోడ్డు దాటుతుంది, ఆ అడుగులూ దాటాయేమో చూస్తుంది. దగ్గరి దారి ఉన్నా దీపాలున్న చుట్టుదారి పడుతుంది. ఇంత కసరత్తు చేసి క్షేమంగా ఇంటికి చేరితే నేరాల పట్టికలో సున్నా పడుతుంది. ఆ సున్నా కోసం ఆమె పెట్టిన ఖర్చు ఏ పట్టికలోనూ ఉండదు.

ఆ ఖర్చును ఒకచోట లెక్కగట్టారు. ఢిల్లీ విశ్వవిద్యాలయ విద్యార్థుల మీద ఆర్థికవేత్త గిరిజా బోర్కర్ చేసిన అధ్యయనంలో, దారి క్షేమంగా ఉంటుందంటే అమ్మాయిలు మెరుగైన కాలేజీని వదులుకుని తక్కువ ర్యాంకు కాలేజీలో చేరడానికీ, ప్రయాణానికి ఏడాదికి వేల రూపాయలు అదనంగా పెట్టడానికీ సిద్ధపడుతున్నారని తేలింది.

స్త్రీలు దీన్ని మౌనంగా భరించి ఊరుకోలేదు. ఉత్తర ఇంగ్లండులో వరుస హత్యలు జరుగుతున్న రోజుల్లో, స్త్రీలు చీకటి పడ్డాక బయటికి రావద్దన్న సలహాకు ఎదురు తిరిగి 1977 నవంబరులో లీడ్స్‌లో రాత్రి ఊరేగింపు తీశారు. కర్ఫ్యూ పెట్టాలంటే మగవాళ్లకు పెట్టండి అన్నారు. కేరళ ప్రభుత్వ మహిళా శిశు సంక్షేమ శాఖ 2019 డిసెంబరు 29 రాత్రి ఊరూరా స్త్రీల చేత నడక చేయించింది. కోల్‌కతాలో ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న వైద్యురాలి హత్య తర్వాత 2024 ఆగస్టు 14 అర్ధరాత్రి బెంగాల్ అంతటా స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. ముంబై గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో రాసిన 'వై లాయిటర్' పుస్తకం ఇంకో అడుగు వేసి, పని ఉంటేనే స్త్రీ బయట కనిపించాలన్న షరతునే ప్రశ్నించింది.

ఎవరికి ఎవరు భయం

అమెరికా నల్లజాతి రచయిత బ్రెంట్ స్టేపుల్స్ 1986లో రాసిన వ్యాసం ఈ విషయానికి రెండో వైపు చూపింది. రాత్రి వీధిలో తనను చూసి జనం అడుగులు వేగం చేస్తారు, ఆ భయమే ఏదో ఒకరోజు తన ప్రాణం మీదికి తేవచ్చు అన్నారాయన. దాడి చేసేవాడికి భయపడటం ఒకటి, తన ఒంటిరంగుకు ఎదుటివాడు భయపడి పోలీసును పిలుస్తాడేమోనని భయపడటం మరొకటి.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల సంగతి మన దగ్గరే ఉంది. నిజాం కాలంలో 1919లో వచ్చిన చట్టం ఒకటి, స్త్రీ వేషంలో బహిరంగ ప్రదేశంలో కనిపించిన హిజ్రాను వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చని చెప్పింది. ఆ చట్టం తెలంగాణలో 2023 జులైలో హైకోర్టు కొట్టేసేదాకా పుస్తకాల్లో ఉంది. వంద సంవత్సరాలకు పైగా వాళ్లకు వీధిలో నడవడమే నేరం.

వీధి చేసే పని

దీపాలు పెడితే భయం పోతుందా? నేరశాస్త్రవేత్తలు బ్రాండన్ వెల్ష్, డేవిడ్ ఫారింగ్టన్ 2008లో పలు అధ్యయనాలను కలిపి చూసి, వీధి దీపాలు మెరుగుపరచిన చోట నేరాలు దాదాపు ఐదో వంతు తగ్గాయన్నారు. ఆశ్చర్యం ఏమిటంటే పగటి నేరాలు కూడా తగ్గాయి. ఆ పేట మీద ఎవరో శ్రద్ధ పెట్టారన్న సంకేతమే పని చేసి ఉంటుందని వారి ఊహ. ఇంగ్లండ్, వేల్స్‌లలో అర్ధరాత్రి తర్వాత దీపాలు ఆర్పేసిన ప్రాంతాలను 2015లో పరిశీలిస్తే నేరాలు పెరిగిన దాఖలా పెద్దగా కనిపించలేదు. కాబట్టి దీపం అవసరమే, దీపంతోనే సరిపోదు. ఇంటి కిటికీలు, చిల్లర కొట్లు, అరుగుల మీది మనుషులే వీధికి కాపలా అని నగరాల గురించి రాసిన రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లోనే అన్నారు. టీ కొట్లను, బండ్లను తొమ్మిదింటికే మూయించి వీధిని ఖాళీ చేయించే మన పోలీసు అలవాటు దీనికి సరిగ్గా విరుద్ధం.

కేప్‌టౌన్ శివార్లలోని ఖయెలిచా బస్తీలో చేసిన ప్రయోగం ఈ మాటను అమల్లో చూపింది. జనం ఎక్కువగా నడిచే దారుల వెంట, ఒకచోటి నుంచి మరొకటి కనిపించేంత దూరంలో చిన్న భవనాలు కట్టారు. మేడలాంటి పై గదిలో రాత్రంతా దీపం, అందులో కాపురం ఉండే సంరక్షకుడు, కింద సమావేశపు గది, చిన్న దుకాణం. స్టేషన్‌లో దిగిన మనిషి ఒక దీపం నుంచి ఇంకో దీపం దాకా నడుస్తూ ఇల్లు చేరవచ్చు. అదే బస్తీలో వేలమంది స్త్రీలకు ఇంట్లో మరుగుదొడ్డి లేదు, రాత్రి నడక వాళ్లకు షికారు కాదు. మరుగుదొడ్ల సంఖ్య రెట్టింపు చేస్తే అక్కడి లైంగిక దాడులు దాదాపు 30 శాతం తగ్గవచ్చని 2015లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అంచనా కట్టారు. చెంబు పట్టుకుని చీకటి పడేదాకా కాచుకున్న ఆడవాళ్లున్న మన పల్లెలకు ఈ లెక్క కొత్తగా చెప్పనక్కర్లేదు.

కెనడాలోని మాంట్రియల్ నగర బస్సులు 1996 నుంచి రాత్రిపూట స్త్రీలు అడిగితే రెండు స్టాపుల మధ్య ఆపుతున్నాయి. హైదరాబాద్‌లో తెలంగాణ ఆర్టీసీ 2022లో ఇలాంటి సదుపాయమే రాత్రి ఏడున్నర తర్వాత ప్రకటించింది. పైసా ఖర్చు లేని పని ఇది. చివరి రెండొందల గజాల నడక తగ్గుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో

హైదరాబాద్ శివార్లలో 2019 నవంబరులో టోల్‌ప్లాజా దగ్గర యువ పశువైద్యురాలి మీద జరిగిన అత్యాచారం, హత్య అర్ధరాత్రివి కావు. రాత్రి తొమ్మిది దాటిందంతే. నిందితులు నలుగురూ ఎన్‌కౌంటర్‌లో చనిపోతే జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఆ కాల్పులను తప్పుబట్టింది. ఆ పూల వల్ల ఆ రోడ్డు మీద ఒక్క ఆడపిల్లకు కూడా ధైర్యం పెరగలేదు. తెలంగాణలో 2014లో మొదలైన షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వచ్చిన దిశ లాంటి యాప్‌లు ఆపదలో పిలవడానికి పనికొస్తాయి. అవి కావాలి. నడక ముచ్చట వాటితో తీరదు.

2025 ఆగస్టులో 31 నగరాల్లో 12,770 మంది స్త్రీలను అడిగి విడుదల చేసిన 'నారి' అనే మహిళల భద్రతా సూచిక విశాఖపట్నాన్ని అత్యంత సురక్షిత నగరాల్లో చేర్చింది. బీచ్ రోడ్డు మీద పొద్దుపోయేదాకా కుటుంబాలతో తిరిగే జనాన్ని చూసినవారికి అది నమ్మశక్యమే. అదే నగరంలో తెల్లారక ముందే గంపలతో చేపల రేవుకు బయల్దేరే ఆడవాళ్లను వేరుగా అడిగితే జవాబు ఏమొస్తుందో తెలుసుకోవాలి.

ఫ్యాక్టరీల చట్టం 1948 నుంచి స్త్రీలను రాత్రి ఏడు తర్వాత పనిలో పెట్టుకోవద్దంది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్, వారి సమ్మతి ఉంటే, భద్రత కల్పిస్తే పెట్టుకోవచ్చంటోంది. గచ్చిబౌలి ఐటీ ఉద్యోగినిని కంపెనీ క్యాబ్ గుమ్మం దగ్గర దింపుతుంది, ఆఖరున దిగేది ఆమె అయితే గార్డు తోడు ఉంటాడు. తెల్లవారుజామున ఆ రోడ్లే ఊడ్చడానికి వచ్చే పారిశుద్ధ్య కార్మికురాలికి క్యాబ్ లేదు, గార్డు లేడు.

టొరంటోలో 1989లో మొదలైన మహిళా భద్రతా తనిఖీ పద్ధతిని ఎవరైనా తమ పేటలో చేయవచ్చు. ఢిల్లీలో 2013లో వచ్చిన సేఫ్టీపిన్ యాప్ కూడా దాని ఆధారంగా తయారైనదే. నలుగురైదుగురు స్త్రీలు చీకటి పడ్డాక కలిసి నడిచి, దీపం వెలుగుతోందా, ఎంత దూరం కనిపిస్తోంది, నడవడానికి పేవ్‌మెంటు ఉందా, వీధిలో ఎవరున్నారు, వాళ్లలో ఆడవాళ్లెందరు, బస్సు స్టాపు ఎంత దూరం అని రాసుకోవాలి. ఆ కాగితాన్ని వార్డు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. వచ్చే నెల మళ్లీ నడిచి, ఏం మారిందో రాసి మళ్లీ ఇవ్వండి. ఆ నడకలో ఊడ్చే ఆమెను, చేపలమ్మే ఆమెను కలుపుకోవడం మరవకండి.